మందు చీటీ చదువుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నన్ను మాటలాడుమని కార్యవర్గమువారు కోరినప్పుడు వారు నానుండి ఎదురుచూచినది విరాటపర్వమో గజేంద్రమోక్షమో అయియుండును. ఏటేట నేను చెప్పుచున్నది అదియే. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, సాయంకాలములందు ఈ బీరువాలలోని భారత భాగవతములను నిఘంటువు ప్రక్కనుంచుకొని చదివికొన్నవాడను గాని గురుముఖమున నేర్చినవాడను గాను. అట్టివానికి కావ్యములను గూర్చి నాలుగు మాటలు చెప్పుట సుఖమే. ఐనను నేడు ఆ సుఖమును మానుకొంటిని. మన బీరువాలలో లేని గ్రంథమొకటి కలదు. అది మన ఊరిలో ప్రతి ఇంటను గూటిలోనో, దేవుని పటము వెనుకనో దోపబడి యున్నది. దానికి పుట ఒక్కటే. దానిని మందు చీటీ అందురు.

భారతమును తప్పుగా చదివినచో పండితులు నవ్వుదురు. అంతకుమించి ముప్పు లేదు. ఈ ఒంటిపుట గ్రంథమును తప్పుగా చదివినచో ఏమగునో చెప్పుటకు ఒక వ్యాజ్యము చాలును. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఒడెస్సా అను నగరము కలదు. 1995 లో అచటి హృద్రోగ వైద్యుడొకడు తన రోగికి ఐసార్డిల్ అను మందును 20 మిల్లీగ్రాముల వంతున ఆరు గంటలకొకమారు పుచ్చుకొనుమని చేతితో వ్రాసి యిచ్చెను. మందులంగడివాడు ఆ వ్రాతను ప్లెండిల్ అని చదివెను. ప్లెండిల్ రక్తపుపోటునకిచ్చు వేఱొక మందు. దానిని దినమునకు 10 మిల్లీగ్రాములకు మించి ఇయ్యరు. రోగి ఆ లెక్కన దినమునకు 80 మిల్లీగ్రాములు మ్రింగవలసి వచ్చెను. కొలది దినములలోనే అతనికి గుండెపోటు వచ్చినది, మరణించినాడు. 1999 లో జూరీవారు నాలుగున్నర లక్షల డాలర్ల పరిహారమును నిర్ణయించి, అందు సగము వైద్యుడును సగము అంగడివాడును చెల్లింపవలెననిరి.

వ్రాసినవాడును చదివినవాడును సమభాగముగ బాధ్యులనుట న్యాయముగనే యున్నది. కాని ఈ వ్యవహారమున మూడవ మనుష్యుడొకడు కలడు. అతడు మ్రింగినవాడు. చీటీ అతనికొఱకే అంగడికి పోయినది, మందు అతనికొఱకే వచ్చినది. ఈ రెండు క్షణముల నడుమ అతడు ఆ కాగితమును చదివియుండడు, చదువగలనని తలచియుండడు. నేను చెప్పదలచినది ఆ మూడవ చదువరిని గూర్చియే. అమెరికాలోని వారికే ఈ గతి పట్టినప్పుడు, కదిరికో హిందూపురమునకో బెంగుళూరునకో పోయి చీటీ తెచ్చుకొను మన ఓబులదేవరచెరువు వాసుల మాట చెప్పనేల?

చీటీలోని భాష ఆంగ్లమని మనము భ్రమపడుచున్నాము. మందుల పేర్లు విడిచినచో, ఆ ప్రక్కనుండు పొట్టి యక్షరములు ఆంగ్లము కావు, లాటిను. బి.డి. యనగా ‘బిస్ ఇన్ డియే’, దినమునకు రెండుమారులు. టి.డి.ఎస్. యనునందలి టి ‘టెర్’, అనగా మూడుమారులు. హెచ్.ఎస్. యనగా ‘హోరా సోమ్ని’, నిద్రవేళకు. ఎస్.ఓ.ఎస్. యనగా అవసరమైనచో మాత్రమే. ఎ.సి. భోజనమునకు ముందు, పి.సి. భోజనము తరువాత. సంస్కృతమెఱిగిన పెద్దలు ఇచట ఒక వింత గమనింతురు గాక. ఆ ‘బిస్’ మన ‘ద్విః’, ఆ ‘టెర్’ మన ‘త్రిః’, ‘డియే’ మన దివసమునకు జ్ఞాతి. ‘సోమ్ని’ మన స్వప్నమునకు సోదరి. ‘హోర’ యైతే పంచాంగము చూచువారందరికిని తెలిసిన మాటయే. గ్రీకుల యొద్దనుండి అటు లాటినునకును ఇటు మన జ్యోతిషమునకును వచ్చినది. ఇంత దగ్గరి చుట్టములు మన ఇంటికి వచ్చి గూటిలో కూర్చుండగా మనము పలుకరింపకున్నాము!

ఇందు మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. మన ఊరిపేరు పొడవని లోకులు ఓ.డి.చెరువు అని వ్రాయుచున్నారు. చీటీలో ఓ.డి. యని యున్నచో అది మన ఊరి పేరు కాదు. దినమునకొక్కమారు అని దాని యర్థము. కంటి వైద్యుని చీటీలో అదే ఓ.డి. కుడికన్ను. ‘ఆక్యులస్ డెక్స్‌టర్’ అని దాని విస్తరణము. ఇదియు మన అక్షి, దక్షిణ శబ్దములకు చుట్టమే. ఒకే రెండక్షరములకు ఒక చీటీలో కాలమును, వేఱొక చీటీలో అవయవమును అర్థమగుచుండగా, కంటిచుక్కల సీసాను పట్టుకొన్న ముసలివాడు ఏమి చేయవలెను? అందుచేత ఇట్టి పొట్టి వ్రాతలను మానుమని వైద్యులకు చెప్పువారు నేడు వైద్యులలోనే కలరు. మన ప్రాంతమున 1-0-1 అని అంకెలతో ఉదయము, మధ్యాహ్నము, రాత్రి సూచించు పద్ధతి వచ్చినది. ఇది లాటినుకంటె మేలు. ఐనను దానిలో ‘దినమునకు’ అను మాట దాగియున్నది. ఆ దాగినమాట వలన వచ్చిన ఆపదనే తరువాత చెప్పెదను.

ఇక అంకెలు. నేను లెక్కలవాడను గనుక చుక్కయొక్క విలువ నాకు తెలియును. ముందు సున్న పెట్టక .5 అని వ్రాసినచో, చుక్క మాసినంతనే అది 5 అగును. 1 అని ఊరకొనక 1.0 అని వ్రాసినచో, చుక్క కనబడనంతనే 10 అగును. రెండిటను పదిరెట్లు. శిస్తు పద్దులో పదిరెట్లు తప్పినచో రయితు కచ్చేరీకి వచ్చి అడుగును. శరీరము అడుగుటకు రాదు. ఇన్సులిను విషయమున యూనిట్లను సూచించు ఆంగ్ల యు అక్షరమును అంకె ప్రక్కన వ్రాయగా, అది సున్నగా కనబడి 10 యూనిట్లు 100 అయిన సంగతులు వైద్యలోకమున ప్రసిద్ధములు. ఇన్సులిను సీసాలు మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్లవి యున్నవి, 100 యూనిట్లవియు నున్నవి. సూదులును అట్లే రెండు రకములు. ఎఱ్ఱమూతది 40 దానికి, నారింజరంగు మూతది 100 దానికి. 40 సీసాలోని మందును 100 సూదిలో 20 గీతవరకు తీసినచో ఒంటికెక్కునది 8 యూనిట్లే. తలక్రిందుగ 100 సీసాను 40 సూదితో తీసినచో 20 అనుకొన్నది 50 అగును. మధుమేహము మన ఊరిలో ఏ వీధిని విడిచినది? ఈ గుణకారమును ఇంటింట ఒకరైనను నేర్వవలెను.

పిల్లల జ్వరమునకిచ్చు పారాసిటమాల్ మందు సంగతియు ఇట్టిదే. దాని పాకము కొన్ని సీసాలలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, కొన్నిటిలో 250. చంటిబిడ్డలకిచ్చు చుక్కలమందులో ఒక్క మిల్లీలీటరుననే 100. పాకమును పోసిన చెంచాతోనే చుక్కలమందును పోసిన తల్లి, తనకు తెలియకయే బిడ్డకు నాలుగురెట్లు పోసినదగును. పైగా ఏ యింటి చెంచా ఆ యింటిదే. సీసాతో వచ్చు కొలమూతను పారవేయక దాచుకొనుడు. ఇది క్రొత్తగా వచ్చిన చిక్కు కాదు సుమా! ఆయుర్వేదమున మాగధమానమనియు కాళింగమానమనియు తూకములు రెండు. ఏ మానమున చెప్పిన పలమో ఎఱుగక తూచిన వైద్యుడు ఆ కాలముననే మోతాదు తప్పియుండును.

పేర్ల సంగతి చెప్పనిచో ఈ ప్రసంగము కుంటిదగును. క్రోసిన్, కాల్పాల్, డోలో అని మూడు పేర్లతో మూడు అట్టలు ఇంటనున్నచో మనవారు మూడు మందులున్నవనుకొందురు. మూడును పారాసిటమాలే. ఒకటి జ్వరమునకని, ఒకటి తలనొప్పికని, ఒకటి ఒళ్లునొప్పులకని మూటిని మ్రింగువారిని నేనెఱుగుదును. పెద్దవారికైనను దినమునకు 4 గ్రాములు మించిన కాలేయమునకు చేటు. ఇది ఒకే మందునకు పలు పేర్లుండుట. దీనికి తలక్రిందైనది వేర్వేఱు మందులకు దగ్గరి పేర్లుండుట. ప్రాణాంతకమగు మలేరియాకిచ్చు ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అను రెండు పేర్లను గూర్చి రెండు ఔషధ సంస్థలు వ్యాజ్యమాడగా, 2001 లో భారత సర్వోన్నత న్యాయస్థానము మందుల పేర్ల పోలికను తక్కిన సరకుల పేర్ల పోలికకంటె కఠినముగ పరీక్షింపవలెనని తీర్పు చెప్పినది. సబ్బు మారినచో మురికి పోదు, మందు మారినచో మనిషి పోవును. బహుభాషలు గల ఈ దేశమున ఆంగ్లమెఱుగని వారు కోట్లమంది యని ఆ న్యాయమూర్తులు తలచుట మనవంటివారికి ఊరట.

ఇప్పుడు మన తెలుగువాని మాట చెప్పెదను. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎఱుగనివారు ఈ సభలో ఉండరాదు. ఉన్నచో ఆ లోపము బీరువాది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే కొలది దినముల యెడములో మరణించిరి. ఆయన మద్రాసులో వైద్యము చదివి, ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అమెరికాకు పోయి, లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన బృందము 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. అది స్ప్రూ రోగులకును, రక్తహీనులకును పనికివచ్చినది. మన గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో నున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. పిమ్మట ఆ బృందమే దానికి విరోధులగు మందులను చేసినది. ఫోలిక్ ఆమ్లము చేయుపనిని ఇవి అడ్డును. త్వరత్వరగా పెరుగు కణములు పెరుగనేరక చచ్చును. వానిలో ఒకదానితో 1948 లో బోస్టన్ నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల పిల్లలకు కొంతకాలమైనను ఉపశమనము కలిగించెను. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందుల కుటుంబములోనిదే మెథోట్రెక్సేట్. క్యాన్సరునకేగాక కీళ్లను వంకరలు పెట్టు రుమటాయిడ్ వాతమునకును అది అల్పమోతాదులో నేటికిని వాడబడుచున్నది. అమెరికా ప్రభుత్వము ఆ వాతమునకు దానిని 1988 లో అంగీకరించినది.

ఈ మందు మర్యాద యొకటి కలదు. కీళ్లవాతమునకు దీనిని వారమునకొక్కమారే పుచ్చుకొనవలెను. లోకములోని మాత్రలలో అధికభాగము దినదినము మ్రింగునవి. ఇది అట్లు కాదు. ఆ అలవాటువలననే అనేక దేశములలో రోగులు దీనిని దినదినము మ్రింగి మరణించిరి. మందుల పొరపాట్లను గూర్చి వ్రాయువారెల్లరు మొదట పేర్కొను ఉదాహరణములలో ఇది యొకటి. మన తెలుగువాని బృందము లోకమునకిచ్చిన మందు ఆ పొరపాట్ల పట్టికలో తలమానికముగ నుండుట నాకు మనస్తాపము. దోషము మందుది కాదు, ఆయనది అంతకంటెను కాదు. ఏడుదినముల ముచ్చట ఒక్కదినమున కుదించి చదివిన చదువుది.

మా ఇంటికి నాలుగిండ్ల అవతలనుండు అవ్వ యొకతె. ఆమె పేరు చెప్పను. వ్రేళ్లు వంకరపోయి చెంబు పట్టలేని స్థితిలో నుండగా, కొడుకు నగరమునకు తీసికొనిపోయి చూపించెను. చీటీ చేతివ్రాత కాదు, యంత్రముతో అచ్చొత్తినదే. ముత్యములవంటి అక్షరములు. ‘వారమునకొక్కమారు’ అని ఆంగ్లమున స్పష్టముగ నున్నది. మూడు నెలలు కొడుకే ఆదివారమాదివారము మాత్రలిచ్చెను, అవ్వ చెంబు పట్టుకొనగలిగెను. కొడుకు కూలికి పొరుగుదేశము పోయినాడు. మాత్రలైపోయినవి. ఎవరో పిల్లవాడు చీటీ తీసికొని వేఱొక ఊరి మందులంగడికి పోయెను. అంగడిలోని కుఱ్ఱవాడు అట్టలిచ్చి, ప్రతి అట్టమీదను తన అలవాటు చొప్పున 1-0-0 అని కలముతో గీకెను. చీటీలో నున్నది ఏడుదినముల కొకమారు, అట్టమీద నున్నది దినదినము ఉదయము. అవ్వకు చీటీ అక్షరములు రావు, అంకెలు వచ్చును. కావున ఆమె తనకు వచ్చినదానినే నమ్మినది.

ఆరవదినమున నోరంతయు పూచినది. గంజి దిగలేదు. ఇంటివారు వేడిచేసినదని మజ్జిగపోసి, నానిన మెంతులు పెట్టిరి. ఎనిమిదవదినమున జ్వరము. తొమ్మిదవదినమున సెలవులకు వచ్చిన మనుమరాలు, ఇంటరు చదువుచున్న పిల్ల, గూటిలోని చీటీని తీసి అట్టప్రక్కన పెట్టి రెండిటిని చదివినది. ఆ రాత్రియే ఆసుపత్రికి కొనిపోయిరి. రక్తములోని తెల్లకణములు అప్పటికే మిక్కిలి తగ్గియున్నవి. విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లము ఎక్కించిరి. సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లమునకు అది మాఱురూపమే, ఒక బిడ్డ చేసిన గాయమును వేఱొక బిడ్డ మాన్పినట్లు. అవ్వ బ్రతికినది. మూడువారములు పట్టినది. నేను చూడబోయినప్పుడు ఆమె అన్నమాట ఇది: “దినాము ఒగటి మింగల్లని అంగడోడే రాసిచ్చె గదా నాయనా, నా ఖర్మ.” ఖర్మ యనుట నాకు సమ్మతము కాలేదు. ఆమెతో వాదింపలేదు, మీతో వాదించుచున్నాను. ఖర్మమైనచో మనుమరాలు రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినంతమాత్రమున తొలగదు.

చట్టము ఊరకున్నదని కాదు. 1940 నాటి ఔషధ చట్టము క్రింద 1945 లో చేసిన నియమములలోనే, చీటీ వ్రాతపూర్వకముగ నుండవలెననియు, సంతకమును తేదీయు రోగి పేరును ఉండవలెననియు, మొత్తము ఎంత ఇయ్యవలెనో, మోతాదెంతయో తెలుపవలెననియు కలదు. చీటీపైననే అమ్మవలసిన మందులకు బదులుగ అంగడివాడు వేఱొకటి ఇయ్యరాదనియు కలదు. “అది లేదు, ఇదీ అదే పని చేస్తుంది” అను మాట మీరెన్నిమారులు వినలేదు? 2014 లో నల్గొండలో మందుల దుకాణము నడుపునాతడొకడు, వైద్యుల వ్రాతలు చదువరాకున్నవని హైదరాబాదు హైకోర్టున ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసెను. అంగడివాడే చదువలేకున్నానని మొఱపెట్టుట గమనింపదగినది. అది పరువునకు వెరవని పని. నేనాయనను మెచ్చుకొనుచున్నాను. 2016 లో ఆనాటి భారత వైద్య మండలి తన నియమావళిని సవరించి, మందుల మూలనామములను స్పష్టముగను, వీలైనంతవరకు పెద్ద అక్షరములలోను వ్రాయుమనెను. 2025 లో పంజాబు హర్యానా హైకోర్టు, చదువదగిన చీటీని పొందుట రోగి ప్రాథమికహక్కులోని భాగమని చెప్పినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 లో లెక్కవేసి మందుల పొరపాట్లవలన లోకమునకు ఏటేట 4200 కోట్ల డాలర్ల నష్టమనినది.

ఇవన్నియు మంచివే. కాని ఇవి వ్రాయువానిని దిద్దుటకు పుట్టినవి. అవ్వ చీటీ ఏ న్యాయమూర్తికైనను నచ్చునంత స్పష్టముగ నుండెను గదా! చదువువాడు లేనిదే స్పష్టమైన వ్రాత చేయగలిగిన ఉపకారమేమి?

చరకుడు చికిత్సకు నాలుగు పాదములనినాడు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు చెప్పుచు, రోగికి స్మృతి, నిర్దేశకారిత్వము, అభీరుత్వము, జ్ఞాపకత్వము అని విధించినాడు. గుర్తుంచుకొనుట, చెప్పినట్లు చేయుట, భయపడకుండుట, తన సంగతి తెలుపగలుగుట. మనవారు ఈ నాల్గింట రెండవదానిని మాత్రమే పట్టుకొనిరి. వైద్యుని యెదుట నోరెత్తుట అవిధేయతయని తలచి, వరుస పెద్దదిగా నున్నదని సందేహించి, “సరే సామీ” యని వచ్చివేయుదురు. వరుస పెద్దదైన మాట నిజమే. ఒక్క వైద్యుడు పూటకు ఎందరిని చూడవలెనో చూచినవారికి ఆయనపై కోపము రాదు. ఐనను నాలుగు ప్రశ్నలకు అరనిమిషము పట్టదు. ఈ మందు దేనికి? దినమునకా, వారమునకా? ఎన్నాళ్లు? ఇంట ఇప్పటికే మ్రింగుచున్న మందులతో పొసగునా? తక్కిన మందుల అట్టలను సంచిలో వేసికొనిపోయి చూపుటయే జ్ఞాపకత్వము. అడుగుటయే అభీరుత్వము. సంస్కృతపదములు పెద్దవిగాని పని చిన్నది.

ఇక మన గ్రంథాలయము చేయదగిన పని. వచ్చు ఆదివారమునుండి ఉదయము తొమ్మిది మొదలు పదకొండు వరకు, వార్తాపత్రికల బల్ల చివర ఒక కుర్చీ వేయుటకు కార్యవర్గమువారు సమ్మతించిరి. నేనును, కళాశాల చదువుచున్న మన చందాదారులు ఇద్దరును వంతులవారీగా కూర్చుందుము. ఎవరు చీటీ తెచ్చినను అందున్నది ఉన్నట్లు చదివి, తెలుగున పెద్ద అక్షరములతో ఒక కాగితముపై వ్రాసి ఇచ్చెదము. మందు పేరు, దేనికో చీటీలో నున్నచో అది, ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు. వారమునకొక్కమారు పుచ్చుకొనవలసినదానికి వారము పేరు ఎఱ్ఱసిరాతో వ్రాసెదము. చీటీకిని అట్టకును పొందిక లేకున్నను, అక్షరము మాకే తెలియకున్నను ఊహించి చెప్పము. ప్రశ్నార్థకము పెట్టి, వ్రాసిన వైద్యునికే ఫోనుచేసి అడుగుదుము, లేదా అంగడికి తిరిగి పంపెదము.

ఒకమాట ముందే చెప్పుచున్నాను. అచట కూర్చున్నవారు వైద్యులు కారు. మందు మాన్పము, పెంచము, తగ్గింపము. “మీకు తోచినది చెప్పండప్పా” అని ఎంత బ్రతిమాలినను చెప్పము. ఊరిలో తోచినది చెప్పువారికి కొదువ లేదు, ఆ కొలువు మాకు వలదు. పొరుగువాని జ్వరము తగ్గినదని అతని మాత్రలు మిగిలినవి తెచ్చి, ఇది వేసికొనవచ్చునా అని చూపువారికి మా సమాధానము ఇప్పుడే చెప్పితినని తలపుడు.

చీటీతోపాటు అట్టను, సీసాను, ఇంటిలో వాడు చెంచాను తీసికొనిరండు. పాతచీటీలున్నచో అవియు తెండు. రాలేని ముసలివారి చీటీలను బడిపిల్లలచేత పంపవచ్చును, కాని తిరిగి ఇచ్చునప్పుడు పిల్లవానిచేత ఒకమారు బిగ్గరగా చదివించియే పంపెదము. అవ్వ మనుమరాలు వేసవి సెలవులలో బల్లయొద్ద కూర్చుందునని మాటయిచ్చినది. ఆమె పేరు వంతుల పట్టికలో మొదట వ్రాసితిమి.